అన్నానికి మూడు, ఒంటికి ఒకటి

షేర్ ఆటోల మీద నాకొక ఫిర్యాదు ఉంది. వెనక సీటు ముగ్గురి కోసం తయారైంది. ఈ సంగతి తయారుచేసినవాళ్ళకు తెలుసు, పోలీసులకు తెలుసు, డ్రైవరుకూ తెలుసు. అయినా నాలుగో మనిషి ఎక్కుతుంది. ఎక్కగానే డ్రైవరు అద్దంలోంచి వెనక్కి చూసి, "జర జరుగుండ్రమ్మా" అంటాడు. అందర్నీ ఉద్దేశించి అన్న ఆ మాటకు జరిగేది మాత్రం నేనొక్కదాన్నే. సంతోష్‌నగర్ నుంచి చార్మినార్ వైపు ఇన్నేళ్ళలో నేను చేసిన ప్రయాణంలో సగం ఒక్క తుంటి మీదే చేశాను. రెండోది రోడ్డు మీద వచ్చేపోయేవాళ్ళను చూస్తూ వచ్చింది.

ఈ ఫిర్యాదు ఎవరికివ్వాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను. ప్రభుత్వ కార్యాలయంలో పనిచేస్తున్నదాన్ని కాబట్టి, మిగతా చోట్ల ఇస్తే అది ఎక్కడికి పోతుందో నాకు కొంత తెలుసు.

ఆ ఆటోలో ఆదివారం ఉదయాలు నేను వెళ్ళిన చోటు గురించి చెప్పాలంటే ముందు నా కుడి భుజం గురించి చెప్పాలి. అది పైకి లేచి చెవి పక్కన నిలబడిపోయింది. ఎవరో ఏదో అడిగితే నాకు తెలియదన్నట్టు ఎగరేస్తామే, ఆ భంగిమలో. తేడా ఏమిటంటే, ఎవరూ ఏమీ అడగకపోయినా అక్కడే ఉండేది. ఫిజియోథెరపీకి వెళ్ళాను. వేడి మైనం పూశారు, కరెంటు పెట్టారు, గోడ మీద వేళ్ళతో పైకి నడిపించారు. నెల దాటాక ఒక రోజు, ఆ ఫిజియోథెరపిస్టు ఆవిడ వేడినీళ్ళ సంచి పట్టుకుని వెనక నుంచి వచ్చింది. మరుక్షణం నేను బల్లకు అవతలి పక్కన ఉన్నాను. బల్ల మీంచి వెళ్ళానో కింద నుంచి వెళ్ళానో నాకూ తెలియదు.

"నాకు వేడి పడదండీ" అన్నాను.

ఆవిడ సంచి పక్కన పెట్టి నా వైపు కాసేపు చూసింది. తర్వాత మందుల చీటీ వెనక ఒక చిరునామా రాసిచ్చింది. "భుజానిదేం తప్పులేదమ్మా. అది దాని పని అది చేస్తోంది" అంది.

అప్పటికి నేను మా ఆయన ఇంట్లోంచి వచ్చేసి పద్నాలుగు నెలలు. ఎందుకు వచ్చేశావని ఎవరైనా అడిగితే, ఆయనకు చెయ్యి కాస్త తొందర అని చెప్పేదాన్ని. తొమ్మిదేళ్ళ కాపురానికి అంత క్లుప్తంగా నోట్ పెట్టడం ఆఫీసు నేర్పిన విద్య.

చిరునామా పాతబస్తీలో ఒక గల్లీ. కింద వరఖు కొట్టే దుకాణం, మిఠాయిల మీద అంటించే వెండి రేకు అన్నమాట. తోలు పుస్తకంలో వెండి ముక్కలు పెట్టి ఇద్దరు మనుషులు పొద్దుటి నుంచి సుత్తులతో కొడుతూనే ఉంటారు. పైన ఒక హాలు. అది వారమంతా కుట్టు సెంటరు. ఆదివారం మిషన్లను గోడకు నెట్టి, మూతలు పెట్టి, మధ్యలో షత్రంజీ పరిచేవారు. దాని మీద ఏడుగురు ఆడవాళ్ళం గుండ్రంగా కూర్చునేవాళ్ళం.

మాకు నేర్పే అమ్మాయి విశాఖ వైపు నుంచి వచ్చింది. ముప్ఫై కూడా ఉండవు. పెద్ద చదువే చదివింది కానీ దాని పేరు ఎప్పుడూ చెప్పేది కాదు. "ఒంటితో చేసే పనండీ" అనేది అంతే. మొదటి రోజే ఒక నియమం చెప్పింది.

"మీకు ఏం జరిగిందో ఇక్కడ చెప్పక్కర్లేదండీ. ఇప్పుడు మీ ఒంట్లో ఏం జరుగుతోందో అది చెప్తే చాలు."

నాకు చాలా నిరాశ కలిగింది. ఏం జరిగిందో చెప్పడానికి నేను బాగా తయారై వెళ్ళాను. ఎక్కడ ఆపాలో, ఎక్కడ నవ్వించాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. ఆ అమ్మాయి మాత్రం నా వైపు తిరిగి, "మీ అరికాళ్ళు ఎలా ఉన్నాయండీ?" అని అడిగింది.

"ఉన్నయి."

"ఎలా ఉన్నాయి?"

"రెండున్నయి."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, కింద సుత్తుల చప్పుడు వినమంది. మరొకరైతే కిటికీలు మూసేవారు. ఆమె తెరిచింది. చప్పుడు ఎక్కడ తగులుతోందో చూసుకోమంది, పొట్టలోనా, పళ్ళలోనా, మెడలోనా. ప్రతి దెబ్బకూ నా భుజం చిన్నగా ఎగురుతోందని ఆ రోజే తెలిసింది. నిమిషానికి అరవై డెబ్బై దెబ్బలు. ఇంత వ్యాయామం చేస్తూ నేను సన్నబడకపోవడం ఆశ్చర్యమే.

నా పక్కన, మేమంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే ఆవిడ కూర్చునేది. అరవై దాటిన మనిషి, లక్క గాజులు చేస్తుంది. నిప్పుల మీద లక్క కరిగించి వట్టి వేళ్ళతో తిప్పి తిప్పి ఆ వేళ్ళ చివర్లు గవ్వల్లా గట్టిపడ్డాయి. ఎడమ చెవి వినబడదు. ఎవరి చెయ్యి తగిలి వినబడదో మొదటి రోజు నియమాన్ని లెక్కచేయకుండా ఒక్క వాక్యంలో చెప్పేసింది. తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నేను ఇదంతా రాస్తానని అడిగితే ఒప్పుకుంది కానీ ఒక షరతు పెట్టింది, తనను సన్నగా రాయాలని. ఖాలా సన్నని మనిషి.

తలుపు దగ్గర జల్‌పల్లి నుంచి వచ్చే అమ్మాయి కూర్చునేది. మగ్గం పని చేస్తుంది, పెళ్ళి జాకెట్ల మీద పూసలూ జరీ కుడుతుంది. ఇరవై నాలుగో ఐదో ఉంటాయి. మొదటి రెండు నెలలూ ఆమె గొంతు ఎవరమూ వినలేదు. చెప్పులు మాత్రం హాలు బయట విడవకుండా, తన పక్కనే పెట్టుకునేది.

మేమంతా ఇళ్ళల్లో టైలరింగ్ క్లాసుకు వెళ్తున్నామని చెప్పాం. సెంటరు బోర్డు కూడా అదే చెబుతుంది. దీనివల్ల వచ్చిన చిక్కు ఒకటే. మూడో నెలలో మా ఇంటి ఓనరు ఆంటీ రెండు జాకెట్టు గుడ్డలు తెచ్చి నా చేతిలో పెట్టింది. "మెల్లగ కుట్టు, తొందరేం లేదు" అంది. ఆమె గుడ్డలు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి. తొందర లేదందిగా.

ఇక తాళ్ళ సంగతి. ఒక ఆదివారం నేర్పే అమ్మాయి బేగంబజార్ నుంచి ఒక పెద్ద నైలాను తాళ్ళ చుట్ట తెచ్చింది. తలా ఒక ముక్క ఇచ్చి, "మీ చుట్టూ మీకు ఎంత జాగా కావాలో అంత గీత గీసుకోండి" అంది.

ఖాలా తన తాడు చాలక పక్కవాళ్ళది అడిగి ముడేసుకుంది. పరవడం అయ్యేసరికి ఆమె గీతలో రెండు కుట్టు మిషన్లు, ఒక కిటికీ, తలుపులో సగం వచ్చాయి. "నా ఇల్లు చిన్నది మేడం. గీడన్న పెద్దగ ఉండనీ" అంది. నేను నా తాడును నాలుగు మడతలు పెట్టి, రెండు పాదాలు పట్టేంత చుట్టి నిలబడ్డాను. కాళ్ళు తుడుచుకునే పట్టా అంత ఉంది.

"ఇంతేనాండీ?" అంది ఆ అమ్మాయి.

"రిజిస్ట్రేషన్ ఖర్చు తగ్గుతదని" అన్నాను.

తర్వాత చేయాల్సిన పని తేలిక. ఒకరు గీతలో నిలబడాలి. ఇంకొకరు దూరం నుంచి మెల్లగా వాళ్ళ వైపు నడవాలి. ఇక చాలు అనిపించిన చోట గీతలోని మనిషి వద్దనాలి. నడిచే మనిషి ఆగాలి. అంతే. దీనికి పది నిమిషాలు చాలనుకుని ఉంటుంది పాపం.

మొదట నేను ఖాలా వైపు నడిచాను. నాలుగడుగులు వేశానో లేదో, "నక్కో" అంది ఖాలా, వద్దని. నడిచాను. "నక్కో జీ, బస్" అంది. ఇంకా నడిచాను. "అరె, ఆగుమంటె!" అని అరిచింది. అప్పుడాగాను. అప్పటికి నా కాలు ఆమె కాలి మీద ఉంది.

ఆ అమ్మాయి ఇంకో ఇద్దరిని పిలిచింది. వాళ్ళూ అంతే. నడిచే ఆవిడ మొదటి వద్దుకు చిరునవ్వు నవ్వి ముందుకే వచ్చింది, రెండోదానికి కొంచెం మెల్లగా నడిచింది, మూడోదానికి ఆగింది. మూడో జతా అంతే. అప్పుడు ఆమె నుదురు రుద్దుకుంది.

"ఆవిడ వద్దన్నారు కదండీ. వినబడింది కదా? మరి ఎందుకు ఆగలేదు?"

మేమంతా ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. నిజంగా అర్థం కాలేదు మాకు.

"మొదటిసారి వద్దంటె ఎట్ల ఆగుతం మేడం?" అంది ఖాలా, తన కాలు తొక్కిన నన్నే వెనకేసుకొస్తూ. "బాగుంటదా చెప్పు. దస్తర్‌ఖాన్ కాడ మెహమాన్ కూసుంటడు. బిర్యానీ ఏస్తం. నక్కో అంటడు. ఆగితె ఏమైతది? ఆకలితోని లేస్తడు. ఇంటికి పొయ్యి, గా ఇంట్ల పెట్టలే అంటడు. రెండోపారి నక్కో అంటడు, గదీ మర్యాదకే. మూడోపారి అంటె అప్పుడు నిజంగ కడుపు నిండినట్టు."

నా గతీ అదే అని ఒప్పుకున్నాను. మా అమ్మానాన్నలు ఉద్యోగరీత్యా కోస్తా నుంచి ఇక్కడికి వచ్చినవాళ్ళు. మా ఇంట్లో బిర్యానీ ఉండదు, పప్పు ఉంటుంది. చట్టం మాత్రం ఇదే. విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టి, ఒంగి, వద్దు వద్దంటున్న మనిషి వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోసిన చరిత్ర మా మేనత్తది. ఆ మనిషి చెయ్యి కడుక్కుని మళ్ళీ తిన్నాడు. ఎవరూ తప్పు పట్టలేదు. పడితే గిడితే ఆయన్నే పట్టారు, మరీ మొహమాటమని.

ఆ అమ్మాయి అంతా విన్నది. కింద సుత్తులు కొడుతూనే ఉన్నాయి.

"సరే, భోజనాల దగ్గర మీ ఇష్టమండీ" అంది చివరికి. "కానీ ఈ గదిలో మొదటి వద్దే వద్దు. రెండోది అడగకూడదు."

ఖాలా దాన్ని నోట్లో వేసుకుని కాసేపు చప్పరించినట్టు ఆలోచించింది. "అంటె, అన్నానికి మూడు, ఒంటికి ఒకటి" అంది.

"అంతేనండీ."

"నా పెండ్లైనప్పుడు చెప్పలే గిది ఎవ్వరు" అంది ఖాలా. గొంతులో కోపం లేదు. ఏదో బజారులో కొత్త దుకాణం పెట్టారట, నాకు తెలియనే లేదు అన్నట్టు అంది. దానికి నాకు జోకు కూడా రాలేదంటే చూసుకోండి.

తర్వాత వంతు జల్‌పల్లి అమ్మాయిది. నడవాల్సింది ఖాలా. మూడో అడుగుకు ఆ పిల్ల కుడి చెయ్యి లేచింది, అరచెయ్యి ముందుకు. నోట్లోంచి మాట రాలేదు. ఖాలా ఒక కాలు గాలిలో ఉండగా అక్కడే ఆగిపోయింది. ఆ పిల్ల తన అరచేతిని తిప్పి చూసుకుంది, అది వేరే ఎవరిదో అన్నట్టు. అప్పుడు రెండు నెలల్లో మొదటిసారి మాట్లాడింది.

"ఇంకోసారి."

పదకొండుసార్లు చేశారు. ఖాలా మోకాళ్ళ సంగతి మా అందరికీ తెలుసు, ఆమె మెట్లెక్కడమే గోడ పట్టుకుని ఎక్కుతుంది. పదకొండుసార్లూ గుమ్మం దాకా వెళ్ళి తిరిగి నడిచింది, పదకొండుసార్లూ ఆ చెయ్యి లేచినచోట ఆగింది. "అయ్యిందా బేటా? ఇంక ఉన్నదా?" అని ప్రతిసారీ అడిగింది. ఆ తర్వాతి వారం ఆ అమ్మాయి చెప్పులు హాలు బయట మా అందరి చెప్పులతో కలిసి ఉన్నాయి.

నా వంతు అంత బాగా జరగలేదు. పట్టా అంత గీతలో నిలబడ్డాను. ఖాలా వస్తోంది. వద్దనడానికి నోరు తెరిచాను. "రాండ్రి రాండ్రి, ఆధార్ కార్డు తెచ్చిన్రా?" అని వచ్చింది. అందరూ పగలబడ్డారు. ఖాలా నవ్వుతూ నవ్వుతూ వచ్చి నా ముక్కుకు ముక్కు తగిలేంత దగ్గర నిలబడింది. రెండోసారి చేశాను, ఇంకా మంచి జోకు వచ్చింది. మూడోసారి దాని కంటే మంచిది.

"నవ్వించేటప్పుడు మీ కుడి భుజం ఎక్కడికెళ్ళిందో చూశారాండీ?" అంది నేర్పే అమ్మాయి మెల్లగా.

చెవి దగ్గరికి వెళ్ళింది. దానికి ఇంకో చోటు తెలియదు.

ఇలా వారాలు గడిచాయి. అందరి వద్దులూ ఒకటికి వచ్చాయి. నాది మాత్రం జోకుల దగ్గరే ఆగిపోయింది. నాకు పెద్ద బాధేమీ అనిపించలేదు. క్లాసులో ఒకరు వెనకబడి ఉండటం మిగతావాళ్ళకు ఉత్సాహం.

అప్పుడు ఒక గురువారం సాయంత్రం మా ఆయన పెదనాన్నగారు వచ్చారు. రిటైరైన హెడ్మాస్టరు. చేతిలో గొడుగు, కాలం ఏదైనా. ఆ ఇంట్లో ఉన్న తొమ్మిదేళ్ళలో, తిన్నావా అని నన్నడిగిన ఒకే ఒక్క మనిషి. ఎవరి మాట నేను కాదనలేనో సరిగ్గా వారినే పంపడంలో ఆ ఇంటివాళ్ళ తెలివి తక్కువేం కాదు.

ఉప్మా చేశాను. "వద్దమ్మాయ్, ఇప్పుడే తిని బయల్దేరాను" అన్నారు. పళ్ళెం పెట్టాను. "అబ్బే, వద్దు." గరిటె ఎత్తాను. "కొంచెం, కొంచెం" అన్నారు. వడ్డించాను. రెండుసార్లు పెట్టించుకున్నారు.

"ఇల్లు బోసిపోయిందమ్మాయ్" అన్నారు తింటూ. "వచ్చెయ్."

"ఇప్పుడెందుకులెండి మావయ్యగారూ" అన్నాను.

ఆయన చిరునవ్వు నవ్వారు. "వాడు చాలా తగ్గాడు. అసలు కోపమే రావడం లేదు."

"ఎదురుగా ఎవరూ లేకపోతే నాకూ రాదండీ."

ఆయనకు ఎంత నవ్వొచ్చిందంటే ఉప్మా పొలమారింది. నీళ్ళిచ్చాను. కళ్ళు తుడుచుకుంటూ, "ఇదే అమ్మాయ్, ఇదే! ఆ ఇంట్లో ఇప్పుడు నవ్వే దిక్కు లేదు" అన్నారు. నా మీద ప్రేమతోనే అన్నారు. అది నాకు తెలుసు కాబట్టే ఇబ్బంది.

"ఇక్కడ అలవాటైపోయిందండీ. ఎందుకులెండి" అన్నాను.

"మనింటికి మనం వెళ్ళడానికి మొహమాటమేమిటి?"

"రెండో అంతస్తండీ. లిఫ్టు కూడా లేదు" అన్నాను, ఇంకేం చెప్పాలో తోచక.

ఆయన గది చుట్టూ చూశారు. బీరువా, మంచం, ఫ్రిజ్జు కొలిచినట్టు చూశారు. "మనుషుల్ని మాట్లాడతాలే. ఆదివారం సాయంత్రం ఐదింటికి వాణ్ణి కూడా తీసుకొస్తాను" అని, గొడుగు తీసుకుని సంతోషంగా మెట్లు దిగి వెళ్ళిపోయారు.

నేను పళ్ళెం కడిగి బోర్లించాను. మూడు రాత్రులు నిద్ర పట్టలేదు. అది ఉక్కపోత వల్ల అనుకున్నాను.

ఆదివారం ఉదయం హాల్లో అందరికీ ఈ కథ చెప్పాను. ఆయన గొంతుతో ఒకటి, నా గొంతుతో ఒకటి, పొలమారిన దగ్గుతో సహా. ఇప్పుడు చెబితే గొప్పలు చెప్పుకున్నట్టుంటుంది కానీ, బాగా చెప్పాను. లిఫ్టు దగ్గరకు వచ్చేసరికి ఇద్దరు షత్రంజీ మీద పడిపోయారు. జల్‌పల్లి అమ్మాయి కూడా నవ్వింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. నవ్వనిది ఖాలా ఒక్కతే. వినబడే చెవిని నా వైపు తిప్పి మొత్తం విన్నది.

"అయిపాయెనా?"

"అయిపోయింది ఖాలా."

"మస్తు జెప్పినవ్. గని ఒక్కటి సమజ్ గాలే. రాను అని ఎప్పుడు జెప్పినవ్ ఆయనకు?"

"లిఫ్టు లేదని చెప్పిన కదా."

"లిఫ్టు లేదన్నవ్. ఆయన లిఫ్టుకు ఇంతెజాం జేస్తుండు. ఎందుకులెండి అన్నవ్. గది మర్యాద అనుకున్నడు. ఎందుకనుకోడు? ఉప్మా కాడ ఆయన గూడ గట్లనే అన్నడు గద. నువ్వు రాను అన్నది యాడున్నది గండ్ల? నాకైతె ఇనబడలే. నాకు ఒక్క చెవే, నీకు రెండున్నయి, నువ్వు జెప్పు."

గురువారం జరిగినదంతా మనసులో మొదటి నుంచి చివరిదాకా ఇంకోసారి నడిపాను. ఎక్కడా లేదు. సాయంత్రం ఐదింటికి సామాను మోసే మనుషులు వస్తున్నారు, పిలిచింది నేనే.

"అభ్యాసం చేద్దామాండీ?" అంది నేర్పే అమ్మాయి. "మీరు వద్దంటే వద్దు."

ఖాలా అప్పటికే లేచింది. "ఆయన ఎట్ల నడుస్తడు?" అని అడిగింది. మెల్లగా, చేతిలో గొడుగుతో అన్నాను. టేపుల పెట్టె పక్కనున్న చెక్క స్కేలు తీసి చంకలో పెట్టుకుంది. "అమ్మాయ్, సర్దుకున్నావా" అంటూ తనకు వచ్చిన కోస్తా తెలుగులో నడుచుకుంటూ వచ్చింది. నవ్వు ఆపుకోలేక ఇద్దరం ఓడిపోయాం. రెండోసారి నా నోట్లోంచి జోకు వచ్చింది. మూడోసారి కూడా. నాలుగోసారికి నవ్వేవాళ్ళు తగ్గారు. ఐదోసారి నాకు ఏడుపు వచ్చింది, అది మాత్రం ఎవరికీ వింతగా అనిపించలేదు.

జల్‌పల్లి అమ్మాయి లేచి నా దగ్గరికి వచ్చింది. వెనక నుంచి కాదు, నాకు కనబడేలా పక్క నుంచి.

"భుజం మీద చెయ్యి పెట్టనా అక్కా?" అని అడిగింది.

ఆ అడగడం ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు. ఊ అన్నాను. పెట్టింది. నొక్కలేదు, ఊరికే పెట్టింది. పూసల సూది పట్టుకునే వేళ్ళు, బరువు పెద్దగా లేదు. ఆ కొద్ది బరువుకే భుజం మెల్లగా, ఆఫీసులో ఫైలు కదిలినంత మెల్లగా, కిందికి దిగింది. ఖాలా మళ్ళీ గుమ్మం నుంచి బయల్దేరింది.

"రాను" అన్నాను.

సెలవు చీటీ పెట్టినట్టు వచ్చింది ఆ మాట. అయినా ఖాలా ఆగింది, స్కేలు చంకలోనే ఉంది. "జర గట్టిగ" అంది. ఇంకా నాలుగుసార్లు చేశాం. ఎంత దూరంలో చెబితే అంత దూరంలో ఆగింది.

వచ్చేటప్పుడు ఆటోలో నాలుగో మనిషి ఎక్కింది. నేను జరిగాను. అన్నీ ఒకే రోజు కావు.

ఐదు కాకముందే కింద ట్రాలీ ఆటో ఆగింది. వరండాలోంచి చూశాను. తాళ్ళు భుజాన వేసుకుని ఇద్దరు మనుషులు దిగారు. పక్కన మా ఆయన, ఫోను చూసుకుంటూ నిలబడ్డాడు. మా ఓనరు ఆంటీ గేటు దగ్గర చేరి, ఎవరికోసమని వాళ్ళను ఆరా తీస్తోంది. పెదనాన్నగారి గొడుగు మెట్ల మీద ఒక్కొక్క మెట్టుకూ టక్కుమంటూ పైకి వస్తోంది. వరఖు దుకాణం గుర్తొచ్చింది. చప్పుడు ఎక్కడ తగులుతోందో చూసుకున్నాను. మెడలో.

తలుపు తీసి గుమ్మంలో నిలబడ్డాను. కాళ్ళ కింద పట్టా ఉంది. నా గీత అంతే ఉందని అప్పుడే గమనించాను.

"సర్దుకున్నావా అమ్మాయ్?" అన్నారు ఆయన, చివరి మెట్టు మీద ఆయాసపడుతూ.

"నేను రానండీ."

ఆయన నవ్వబోయి, ఆగి, ఇంకా ఏదో మిగిలి ఉంటుందన్నట్టు చూశారు. ఏమీ లేదు.

"అదేమిటి? మొన్న అనుకున్నాంగా."

"మొన్న నేను ఒప్పుకోలేదండీ. చెప్పడం చేతకాక మిమ్మల్ని నవ్వించాను. తప్పు నాదే. రాను."

"సరే, ముందు కూర్చుని మాట్లాడుకుందాం" అని ఒక అడుగు ముందుకు వేశారు.

లోపలికి రండి అనాలి. పెద్దవాళ్ళు గుమ్మంలో నిలబడితే ఆ మాట అడక్కుండానే వస్తుంది నాకు. ఆయన వస్తే కూర్చుంటారు. కూర్చుంటే కాఫీ ఇస్తాను. ఇస్తే వద్దంటారు, మూడోసారికి తాగుతారు. ఆ తర్వాత బీరువా కిందికి వెళ్తుంది. చెయ్యి పైకెత్తాను, అరచెయ్యి ముందుకు, మరీ ఎత్తు కాదు. ఆయన ఆగిపోయారు. ఆయన మొహంలో ఆశ్చర్యమే ఉంది, కోపం లేదు. గొడుగు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నారు.

అప్పుడు నాకొక జోకు వచ్చింది. కింద ఖాళీగా ఉన్న ట్రాలీ గురించి. నా జీవితంలో వచ్చిన మంచి జోకుల్లో ఒకటి. గొంతు దాకా వచ్చింది. దాంతోపాటే కుడి భుజం పైకి బయల్దేరింది. రెండూ ఒకే చోటు నుంచి వస్తాయని అంతవరకూ నాకు తెలియదు. అరికాళ్ళు పట్టాకు ఆనించి, ఎడమ చెయ్యి కుడి భుజం మీద వేసుకున్నాను. ఆ జోకు ఇక్కడ కూడా రాయడం లేదు. రాస్తే చెప్పినట్టే.

కింద నుంచి, "ఏంటి పెదనాన్నా, ఎంతసేపు?" అని మా ఆయన గొంతు వినబడింది. నా చేతి కింద భుజం ఒకసారి కొట్టుకుంది. చెయ్యి తియ్యలేదు.

"రాను మావయ్యగారూ" అన్నాను.

ఆయన చాలాసేపు నిలబడ్డారు. నేను నవ్వుతానని చూశారు. తొమ్మిదేళ్ళుగా చూసిన అలవాటు, ఆయన తప్పు కాదు. చివరికి తిరిగి, గొడుగు ఆనించుకుంటూ నాలుగు మెట్లు దిగారు. అక్కడ ఆగి, తలెత్తి నా వైపు చూశారు.

"నువ్విలాంటిదానివని ముందే తెలిసుంటే, మావాడికి నిన్ను చేసుకునేవాళ్ళమే కాదు."